కీటకాల అండాశయంలో గుడ్డుకు తిండి ఎలా అందుతుంది: మూడు కీటకాల డిసెక్షన్ డైరీ

కీటకం గుడ్డు ఒకే ఒక్క కణం. పక్కనున్న కణాలతో పోలిస్తే అది వేల రెట్లు పెద్దది. అంత సరుకు అది ఒక్కతే తయారు చేసుకోలేదు. ఎవరు వండి పెడుతున్నారు, ఏ దారిన పంపుతున్నారు అన్నది కళ్లారా చూడాలని ఈ పని మొదలుపెట్టాను. అండాశయంలో గుడ్లు వరసగా ఎదిగే గొట్టాలను అండనాళికలు అంటారు. పుస్తకాల్లో మూడు రకాల అండనాళికల బొమ్మలు పక్కపక్కనే ఉంటాయి: పానోయిస్టిక్ (గుడ్డుకు తిండి పంపే పోషక కణాలు లేనిది), పాలీట్రోఫిక్ (ప్రతి గుడ్డు పక్కనే పోషక కణాలు ఉండేది), టీలోట్రోఫిక్ (పోషక కణాలన్నీ నాళిక కొనలో ఉండేది). ఒక్కో రకానికి ఒక్కో కీటకాన్ని తీసుకున్నాను. మొదటిదానికి బొద్దింక, రెండోదానికి పండు ఈగ (డ్రోసోఫిలా), మూడోదానికి పత్తి కాయల మీద గుంపులుగా చేరే ఎర్ర నల్లి.

మొత్తం 11 వారాలు పట్టింది. మొదటి రెండు వారాల్లో పనికొచ్చిన స్లయిడ్లు ఐదు మాత్రమే. ఈ పని మీరూ చేయాలనుకుంటే ఆ రెండు వారాలు మీకు మిగలాలని రాస్తున్నాను.

దశ 0: సామాను

చివరికి ఏవి మిగిలాయో అవే రాస్తున్నాను. కొని పక్కన పడేసినవాటి సంగతి వద్దు.

1. డిసెక్షన్ మైక్రోస్కోపు, 10 నుంచి 40 రెట్లు. ఇది లేకుండా ఈగ జోలికి వెళ్లకండి. బొద్దింకకు చేతి భూతద్దం చాలు.
2. మామూలు కాంపౌండ్ మైక్రోస్కోపు. 4, 10, 40 రెట్ల లెన్సులు.
3. కంటి కటకంలో పెట్టే స్కేలు, దాన్ని సరిచూసే స్టేజ్ మైక్రోమీటరు.
4. బాగా సన్నటి మొనల ఫోర్సెప్స్ రెండు. ఒకటి కింద పడి మొన వంగితే ఇక అది ఈగలకు పనికిరాదు, బొద్దింకలకు వాడుకోవాలి.
5. కీటకాలను గుచ్చే సన్నని సూదులు, కర్ర పిడికి అతికించినవి.
6. సోడియం క్లోరైడ్ 0.75 శాతం సెలైన్.
7. ఎసిటో కార్మైన్ రంగు. ట్రిపాన్ బ్లూ కొద్దిగా.
8. మైనం పోసిన గిన్నె, వాజెలిన్, గాజు స్లయిడ్లు, గాజు కవర్ స్లిప్పులు. గాజు అని రెండుసార్లు ఎందుకు అన్నానో దశ 7లో తెలుస్తుంది.

ట్రిపాన్ బ్లూ ఒంటికి మంచిది కాదు. తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. కీటకాలను కోసే ముందు మంచులో పెట్టి పూర్తిగా కదలిక ఆగేదాకా ఆగాను, ఆ వెంటనే తల తీసేశాను. ఈ వరస ఎప్పుడూ మార్చలేదు.

దశ 1: ఉబ్బిపోయిన కణాలు (రోజు 1 నుంచి 6)

ఈగ అండాశయం బయటికి తీయడం అనుకున్నంత కష్టం కాదు. ఒక ఫోర్సెప్స్‌తో ఛాతీ దగ్గర పట్టుకుని, రెండోదానితో పొట్ట చివరి ఖండాన్ని నెమ్మదిగా లాగితే పేగుతోపాటు రెండు తెల్లటి గుత్తులు వస్తాయి. అవే అండాశయాలు. మూడో ఈగకే చేయి అలవాటైంది.

తర్వాతే తప్పు జరిగింది. మొదటి 8 ఈగలను మామూలు నీళ్లలో విప్పాను. రెండు నిమిషాల్లో కణాలు ఉబ్బాయి, హద్దులు చెరిగిపోయాయి, పోషక కణాల కేంద్రకాలు ఉబ్బిన బుడగల్లా తేలాయి. రంగు సరిగ్గా పట్టలేదేమో అనుకుని రంగు మార్చాను. తర్వాత దీపం వేడికేమో అనుకుని దీపం తగ్గించాను. మూడు రోజులు అలా పోయాయి. కణం లోపలి ఉప్పు కంటే బయటి నీళ్లలో ఉప్పు తక్కువైతే నీరు లోపలికి దూరుతుంది. ఇది పాఠంలో చదివిందే, అయినా చేతికి రావడానికి ఎనిమిది ఈగలు పట్టాయి.

సెలైన్‌లోకి మారాక ఇంకో 6 ఈగలు పాడయ్యాయి, ఈసారి కారణం వేరు. ఒక్కో అండాశయంలో అండనాళికలు గుత్తిగా ఉంటాయి. నేను లెక్కపెట్టినవాటిలో 14 నుంచి 21 దాకా ఉన్నాయి, సగటు 17. వాటిని ఒక సన్నటి కండర పొర చుట్టి ఉంచుతుంది. ఆ పొర తీయకుండా కవర్ స్లిప్ వేస్తే అంతా ఒకే ముద్ద. పొర తీద్దామని కొన దగ్గర పట్టి లాగితే నాళిక మధ్యలో తెగుతుంది. తెగేది సరిగ్గా ఎక్కడో చూడండి: రెండు అండకోష్ఠాల (ఒక్కో గుడ్డు, దాని పోషక కణాలు కలిసి ఉండే గదుల) మధ్య ఉండే సన్నటి కాడ దగ్గర. నేను చూడాలనుకున్న వరసే పోతోంది.

చివరికి కుదిరిన పద్ధతి:

1. అండాశయం వెడల్పు భాగాన్ని, అంటే ముదిరిన గుడ్లున్న వైపును, ఒక సూదితో గిన్నెకు అదిమి పట్టాలి.
2. రెండో సూదిని దువ్వెనలా వాడి అక్కడి నుంచి కొన వైపు దువ్వాలి. కొన నుంచి వెనక్కి దువ్వితే తెగుతుంది.
3. విడిపోయిన నాళికలను సూదితో ఎత్తకండి, మొన కత్తిరించిన డ్రాపర్‌తో పీల్చి స్లయిడ్ మీదికి మార్చాలి.
4. కవర్ స్లిప్ నాలుగు మూలల కింద వాజెలిన్ చుక్కలు పెట్టాలి. లేకపోతే గాజు బరువుకే ముదిరిన గుడ్లు చితికి, సొన మొత్తం పరచుకుంటుంది.

ఇప్పటివరకు: ఈగలు 14. పనికొచ్చిన స్లయిడ్లు 0.

దశ 2: తప్పిన కొలత (రోజు 7 నుంచి 14)

ఈ వారం నాకు బాగా టెన్షన్ పెట్టింది. కొలతలు నోటుపుస్తకం నిండా రాశాను, అన్నీ ఒకదానికొకటి చక్కగా సరిపోతున్నాయి. ముదిరిన గుడ్డు పొడవు 1,250 మైక్రాన్లు. ప్రతిసారీ దాదాపు అంతే. ఒకే అంకె మళ్లీ మళ్లీ వస్తుంటే అది నిజమే అనిపిస్తుంది.

ల్యాబ్‌లో మా సీనియర్ అక్క ఆ పేజీ చూసింది.

"ఈగ పొడవు ఎంతరా?"

"రెండున్నర మిల్లీమీటర్లు, మూడు ఉంటుంది అక్కా."

"నువ్వు రాసింది మిల్లీమీటరుం బావు. అలాంటివి పొట్టలో డజన్లు ఉన్నాయంటున్నావు. ముందు స్కేలు చూసుకో."

స్కేలు 4 రెట్ల లెన్సు దగ్గర సరిచూశాను. అక్కడ ఒక గీత విలువ 25 మైక్రాన్లు. కొలిచింది మాత్రం 10 రెట్ల లెన్సుతో. అక్కడ ఒక గీత 10 మైక్రాన్లు. గుడ్డు 50 గీతలుంది, అంటే 500 మైక్రాన్లు, అర మిల్లీమీటరు. వెడల్పు 18 గీతలు, 180 మైక్రాన్లు. పండు ఈగ గుడ్డుకు తెలిసిన కొలతలు ఇవే. తప్పు లెక్కలో నిలకడ ఉండటమే నన్ను మోసం చేసింది.

ఇప్పుడు ప్రతి లెన్సు మీద దాని గీత విలువ రాసిన చిన్న కాగితం అతికించాను: 25, 10, 2.5. కొలత రాసేటప్పుడు మైక్రాన్లు రాయను, గీతలు రాసి పక్కన లెన్సు రాస్తాను. మార్పిడి తర్వాత. అలా రాసి ఉంటే ఆ వారం పేజీలన్నీ కొట్టేయకుండా ఒక్క గుణకారంతో సరిచేసేవాడిని. స్లయిడ్లు ఉంచుకున్నవి 5 మాత్రం మళ్లీ కొలవగలిగాను.

ఇప్పటివరకు: ఈగలు 26. పనికొచ్చిన స్లయిడ్లు 5.

దశ 3: పదిహేను లెక్క (రోజు 15 నుంచి 27)

ఈగ అండనాళిక ఒక పూసల దండ. కొనలో జర్మేరియం, అంటే కొత్త కోష్ఠాలు పుట్టే చోటు. అక్కడ రెండు మూడు మూలకణాలు ఉంటాయి. ఒక్కో మూలకణం నుంచి వచ్చిన పిల్లకణం నాలుగుసార్లు విభజన చెందుతుంది: 2, 4, 8, 16. మామూలు విభజనలో కణాలు పూర్తిగా విడిపోతాయి. ఇక్కడ విడిపోవు. ప్రతి విభజన తర్వాత ఒక చిన్న ఉంగరం లాంటి దారి తెరిచే ఉంటుంది, దాన్ని వలయ నాళం అనవచ్చు. పదహారు కణాల్లో రెండింటికి నాలుగేసి దారులు, రెండింటికి మూడేసి, నాలుగింటికి రెండేసి, ఎనిమిదింటికి ఒక్కోటి. నాలుగు దారులున్న రెండింటిలో ఒకటి అండకణం అవుతుంది. మిగిలిన 15 పోషక కణాలు.

ఈ 15ను నా కళ్లతో లెక్కపెట్టాలని పట్టుబట్టాను. మొదటి రోజు 11 వచ్చాయి. తర్వాత 12, 13, మళ్లీ 11.

కారణం తెలియడానికి నాలుగు రోజులు పట్టింది. అండకోష్ఠం గుండ్రటి బంతి. మైక్రోస్కోపు ఒక పలుచటి పొరనే చూపిస్తుంది. ఒక కేంద్రకం వెనక ఇంకొకటి దాక్కుంటుంది. కిందికి నొక్కి చదును చేస్తే అన్నీ కనిపిస్తాయి గానీ కోష్ఠం పగిలి పక్కదానితో కలిసిపోతుంది.

మార్చినవి:

1. మరీ చిన్న కోష్ఠాలు, మరీ పెద్దవి వదిలేశాను. గుడ్డు ఎదుగుదలను 14 దశలుగా విడదీస్తారు. అందులో 6, 7 దశలవి తీసుకున్నాను. కేంద్రకాలు పెద్దగా ఉంటాయి, సొన ఇంకా చేరలేదు కాబట్టి వెలుతురు దూరుతుంది.
2. ఎసిటో కార్మైన్‌లో 5 నిమిషాలు కాదు, 12 నిమిషాలు ఉంచాను.
3. వాజెలిన్ చుక్కలను సన్నం చేసి, కవర్ స్లిప్ మీద సూది మొనతో ఒక్కసారి మాత్రం తట్టాను.
4. ఫోకస్ పైనుంచి కిందికి తిప్పుతూ, కనిపించిన ప్రతి కేంద్రకాన్నీ కాగితం మీద చుక్కగా గీశాను. ఒక్కో కోష్ఠానికి మూడుసార్లు.

20 కోష్ఠాలు లెక్కపెట్టాను. 14 కోష్ఠాల్లో 15, నాలుగింటిలో 14, రెండింటిలో 13. పదహారు ఒక్కసారి కూడా రాలేదు. తక్కువ వచ్చినవన్నీ ఒకదాని వెనక ఒకటి దాగినవేనని నమ్ముతున్నాను, ఎందుకంటే వాటిలో రెండింటిని తర్వాత కాస్త ఎక్కువ నొక్కితే 15 వచ్చాయి.

కోష్ఠం చుట్టూ పొరలా ఉండే పుటిక కణాల కేంద్రకాలతో పోలిస్తే పోషక కణాల కేంద్రకాలు ఎంత పెద్దవో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అవి విభజన మానేసి డీఎన్ఏను మాత్రం కాపీల మీద కాపీలు తీస్తూ పోతాయి. చివరికి మామూలు కణంలో ఉండేదానికి వందల రెట్లు పోగవుతుంది. అంత డీఎన్ఏ ఎందుకంటే అంత ఆర్ఎన్ఏ, అన్ని రైబోజోములు (ప్రొటీన్లు తయారు చేసే యంత్రాలు) తయారు చేసి అండకణంలోకి పంపాలి కాబట్టి. అండకణం సొంత కేంద్రకం మాత్రం ఈ కాలమంతా దాదాపు నిశ్శబ్దంగా ఉంటుంది.

వలయ నాళాలు కార్మైన్‌లో కనిపించవు. వాటి అంచున ఆక్టిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, దాన్ని ఫ్లోరోసెంట్ ఫాలోయిడిన్ అనే రంగుతోనే చూడాలి. అది నా దగ్గర లేదు. రెండు రోజులు వాటికోసం వెతికి కళ్లు నొప్పి పెట్టించుకున్నాను. మీరు ఆ ప్రయత్నం చేయొద్దు.

ఇప్పటివరకు: ఈగలు 41. పనికొచ్చిన స్లయిడ్లు 19.

దశ 4: మరకలనుకున్నవి (రోజు 28 నుంచి 36)

కొన్ని స్లయిడ్లలో నాళిక మధ్యలో ఒక కోష్ఠం చిందరవందరగా ఉండేది. కేంద్రకాల స్థానంలో ముదురు ఎరుపు ముక్కలు. రంగు ముద్దకట్టిందనుకుని రంగును రెండుసార్లు వడపోశాను, కొత్త సీసా తెరిచాను. తగ్గలేదు. తర్వాత తేదీలు సరిచూస్తే ఒకటి బయటపడింది. ఆ స్లయిడ్లన్నీ పాత సీసాలో, ఈస్ట్ అయిపోయిన చోట ఉన్న ఈగలవి.

అప్పుడు సరిగ్గా ఒక పోలిక పెట్టాను. ఒకే రోజు బయటికి వచ్చిన ఆడ ఈగలు 20, వాటితో మగవి కూడా. పదింటికి తడి ఈస్ట్ ముద్ద, పదింటికి అగార్‌లో చక్కెర మాత్రమే. 25 డిగ్రీల దగ్గర 3 రోజులు.

ఈస్ట్ తిన్నవాటిలో సొన చేరిన కోష్ఠాలు అండాశయానికి సగటున 31. విరిగిన కోష్ఠాలు 20 అండాశయాల్లో కలిపి 2.
చక్కెర మాత్రమే తిన్నవాటిలో సొన చేరినవి సగటున 5. విరిగినవి 20 అండాశయాల్లో కలిపి 27.

విరిగిన కోష్ఠాలు దాదాపు అన్నీ ఒకే చోట ఉన్నాయి: 8, 9 దశల దగ్గర. సొన చేరడం మొదలయ్యేది 8వ దశలోనే. ఖర్చు మొదలయ్యే గుమ్మం దగ్గరే తల్లి శరీరం ఆగి చూస్తుంది. తిండిలో ప్రొటీన్ లేకపోతే ఆ గుడ్డును అక్కడే విడదీసి వెనక్కి తీసుకుంటుంది. డ్రమండ్ బార్బోసా, స్ప్రాడ్లింగ్ 2001లో చూపించినదాని ప్రకారం మంచి ఈస్ట్ తిన్న ఈగకూ ప్రొటీన్ లేని తిండి తిన్న ఈగకూ గుడ్ల సంఖ్యలో తేడా దాదాపు 60 రెట్లు.

నేను మరక అని తుడిచేసిన స్లయిడ్లు 6. వాటి గురించి ఇప్పటికీ బాధగానే ఉంది. డిసెక్షన్‌కు రెండు రోజుల ముందు నుంచి ఈస్ట్ ఎంత ఉందో ఇప్పుడు సీసా మీదే రాస్తున్నాను.

ఇప్పటివరకు: ఈగలు 61. పనికొచ్చిన స్లయిడ్లు 35.

దశ 5: కుమ్మరించే అరగంట (రోజు 37 నుంచి 44)

గుడ్డు ఎదుగుదల 10వ దశలో అండకణం కోష్ఠంలో సగం ఆక్రమిస్తుంది. మిగిలిన సగం పోషక కణాలు. 11వ దశలో ఆ పోషక కణాలు కుంచించుకుపోయి లోపలున్న ద్రవమంతా సుమారు అరగంటలో అండకణంలోకి నెట్టేస్తాయి. అప్పటిదాకా బొట్లుబొట్లుగా పంపినవాళ్లు ఒక్కసారిగా గిన్నె వంచినట్టు. కేంద్రకాలు కొట్టుకుపోయి దారికి అడ్డం పడకుండా ఆక్టిన్ తాళ్లు వాటిని వెనక్కి పట్టి ఉంచుతాయి. ఆ తర్వాత పోషక కణాలు చనిపోతాయి.

దీన్ని బతికున్న కోష్ఠంలో చూడాలనుకున్నాను. సెలైన్ చుక్కలో పెట్టి, అంచులు వాజెలిన్‌తో మూసి, 5 నిమిషాలకొక ఫొటో. ఏడు ఈగలు, ఏడుసార్లూ ఏమీ కదల్లేదు. రెండు గంటల తర్వాత కోష్ఠం నల్లబడింది. ఉప్పునీళ్లు కణాన్ని పగలకుండా ఉంచుతాయి, అంతే. పని చేయించాలంటే తిండి కావాలి. కీటక కణాలను పెంచడానికి వాడే ష్నైడర్ ద్రవం కొద్దిగా దొరికింది. దానిలో ఇంకో ఐదు ఈగలవి పెట్టాను. రెండింటిలో జరిగింది. ఒకదానిలో 35 నిమిషాలు, ఇంకోదానిలో 30. ఫొటోలు వరసగా తిప్పితే పోషక కణాల వైపు ముడుచుకోవడం, గుడ్డు వైపు నిండటం స్పష్టంగా కనిపిస్తుంది.

10వ దశ మొదట్లో ఉన్న కోష్ఠాన్ని పెడితే గంటలు వేచి చూడాలి. పోషక కణాల వైపు పుటిక కణాలు పలచబడి, గుడ్డు వైపు మందంగా చేరినవాటిని ఎంచుకోండి.

ఇప్పటివరకు: ఈగలు 73. పనికొచ్చిన స్లయిడ్లు 37.

దశ 6: బొద్దింక, పారేసిన కొవ్వు, నీలి రంగు (రోజు 45 నుంచి 61)

ఇక్కడిదాకా నా మనసులో ఒక తప్పు అభిప్రాయం ఉంది: సొన కూడా పోషక కణాలే పంపుతాయని. ఆ అభిప్రాయం బొద్దింక దగ్గర నిలబడలేదు, ఎందుకంటే దానికి పోషక కణాలే లేవు. అయినా దాని గుడ్డు పెద్దదే, సొన నిండా ఉంటుంది.

ముందు రెండు తప్పులు చెప్పాలి.

మొదటిది: గుడ్ల పెట్టె తోక దగ్గర మోస్తున్న ఆడ బొద్దింకలను ఎంచుకున్నాను, వాటిలో గుడ్లు సిద్ధంగా ఉంటాయని. కోస్తే పెద్ద గుడ్డు ఒక్కటీ లేదు. అమెరికన్ బొద్దింకకు ఒక్కో అండాశయంలో 8 అండనాళికలు, రెండూ కలిపి 16. ఒక్కో నాళికలో చివరి గుడ్డు ఒకటి చొప్పున అన్నీ దాదాపు ఒకేసారి ముదిరి, ఒకేసారి దిగి, ఆ పెట్టెలోకి చేరతాయి. నేను కోసింది ఖాళీ అయిన ఇల్లు. వాటిలో చివరి అండకణం 0.8 మిల్లీమీటర్లు. పెట్టె వదిలి కొన్ని రోజులైనవాటిలో 2.6 మిల్లీమీటర్లు. ఆకారం మారలేదనుకుంటే ఘనపరిమాణం దాదాపు 34 రెట్లు. అదే నాళికలో దాని వెనకున్న రెండో అండకణం మాత్రం 0.5 దగ్గరే ఆగి ఉంది.

రెండోది: అండాశయం కనబడాలని, చుట్టూ ఉన్న తెల్లటి మెత్తటి ముద్దలను ఫోర్సెప్స్‌తో పీకి పారేశాను. ఒకటి కాదు, నాలుగు బొద్దింకల్లో. ఆ ముద్దలే కొవ్వుదేహం. సొన ప్రొటీన్‌కు ముడిసరుకైన విటెల్లోజెనిన్ తయారయ్యేది అక్కడే. అక్కడి నుంచి హీమోలింఫ్‌లోకి (కీటకాల రక్తం), హీమోలింఫ్ నుంచి అండకణంలోకి. టెల్ఫర్ 1954లో సెక్రోపియా పట్టుపురుగు మీద పనిచేసి, ఆడదాని రక్తంలో ఉండే ప్రత్యేక ప్రొటీన్ గుడ్డులోకి చేరుతుందని చూపించాడు. 1969లో పాన్, బెల్, టెల్ఫర్ ఆ ప్రొటీన్లు కొవ్వుదేహంలో తయారవుతాయని చూపించారు. నేను చెత్త అనుకుని తీసేసింది వంటగది.

అంటే దారులు రెండు. ఆర్ఎన్ఏ, రైబోజోములు వచ్చే దారి ఒకటి. ఈగలో అది పోషక కణాలది, బొద్దింకలో అండకణం కేంద్రకమే ఆ పని చేసుకోవాలి. కీచురాయి అండకణమైతే రైబోజోము ఆర్ఎన్ఏ జన్యువులకు అదనపు కాపీలే తీసుకుంటుంది. సొన వచ్చే దారి రెండోది, అది శరీరం మొత్తానిది. ఈగలో కొవ్వుదేహంతోపాటు పుటిక కణాలు కూడా సొన ప్రొటీన్ చేస్తాయి. ఈ తేడా మొదటి వారంలోనే తెలిసి ఉంటే ఈ డైరీ దశ 4లో గుడ్డు 8వ దశ గుమ్మం ఎందుకు అంత ముఖ్యమో వెంటనే అర్థమయ్యేది.

రెండో దారిని చూడటానికి రంగు ప్రయోగం పెట్టాను. ట్రిపాన్ బ్లూ రక్తంలోని ప్రొటీన్లతోపాటు అండకణంలోకి వెళుతుంది.

మొదటి ప్రయత్నం: 1 శాతం రంగు, 20 మైక్రోలీటర్లు, మూడు బొద్దింకలకు. రెండు చనిపోయాయి. మూడోది మొత్తం నీలంగా అయింది గానీ గుడ్లు ఎదగలేదు. ఎక్కువ మోతాదులో ఈ రంగు సొన చేరడాన్నే ఆపుతుందని సెక్రోపియాలో ముందే తేలిన విషయం. చదివి మొదలుపెట్టాల్సింది.

రెండో ప్రయత్నం, ఇంకో మూడు బొద్దింకలకు:

1. రంగు 0.2 శాతం, సెలైన్‌లో, వడపోసింది. 10 మైక్రోలీటర్లు.
2. పొట్ట పక్కన రెండు ఖండాల మధ్య మెత్తటి పొరలోంచి, సూదిని దాదాపు అడ్డంగా పెట్టి. నిలువుగా గుచ్చితే పేగు చిల్లుపడుతుంది.
3. 24 గంటలు నీళ్లు, తిండి పెట్టి ఉంచాను.
4. కోశాక సెలైన్‌తో మూడుసార్లు కడిగాను.

మూడింటిలోనూ ఒకే ఫలితం. చివరి అండకణాలు నీలం. వాటి వెనకున్న చిన్నవి తెల్లగానే ఉన్నాయి. గుండె వెంబడి ఉండే కణాలు కూడా నీలం పట్టాయి, అవి రక్తాన్ని వడపోసే కణాలు కాబట్టి అది మామూలే. ఒక పెద్ద గుడ్డును బ్లేడుతో అడ్డంగా కోస్తే నీలం అంచున మాత్రమే ఉంది, మధ్య పసుపు. నిన్న వచ్చిన సరుకు బయటి వరసలో చేరింది, అంతకుముందుది లోపల.

పెద్ద గుడ్డే ఎందుకు తాగుతుంది? దాని చుట్టూ ఉన్న పుటిక కణాలు ఒకదానికొకటి దూరం జరిగి సందులు ఇస్తాయి. ఆ సందుల్లోంచి రక్తం నేరుగా అండకణం ఉపరితలాన్ని తాకుతుంది. అక్కడ చిన్న గుంటలు ప్రొటీన్‌ను పట్టుకుని లోపలికి ముడుచుకుంటాయి. ఈ గుంటలను రాత్, పోర్టర్ 1964లో దోమ అండకణంలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో వర్ణించారు. సందులు తెరవమని చెప్పేది జువెనైల్ హార్మోన్. గుడ్లు ఎదగడానికి ఆ హార్మోన్‌ను తయారు చేసే, మెదడు వెనకున్న కార్పస్ అల్లేటమ్ గ్రంథి కావాలని విగల్స్‌వర్త్ 1936లోనే రోడ్నియస్ నల్లిలో చూపించాడు.

రంగు వేసిన చివరి గుడ్డును నీలం ఆరకముందే 40 రెట్ల లెన్సు కింద పెడితే పుటిక కణాల మధ్య సన్నటి నీలి గీతలు వల అల్లినట్టు కనిపించాయి. పదకొండు వారాల్లో నాకు అన్నిటికంటే నచ్చిన దృశ్యం ఇదే. ఫొటో సరిగ్గా రాలేదు, పెన్సిల్‌తో గీసుకున్నాను.

ఇప్పటివరకు: ఈగలు 73, బొద్దింకలు 15. పనికొచ్చిన స్లయిడ్లు 46.

దశ 7: ఎర్ర నల్లి, మెరిసే దారం (రోజు 62 నుంచి 77)

నానబెట్టిన పత్తి గింజలు వేస్తే ఈ నల్లులు సీసాలో బాగానే పెరుగుతాయి. ఒక్కో అండాశయంలో 7 నాళికలు. ఇక్కడ పోషక కణాలన్నీ నాళిక కొనలోనే గుంపుగా ఉంటాయి. అండకణం కిందికి జరుగుతూ పోయినా ఒక పొడవాటి దారం దాన్ని ఆ గుంపుతో కలిపే ఉంచుతుంది. దాన్ని పోషక తంతువు అంటారు. తంతువు నిండా సూక్ష్మనాళికలు, అంటే కణం లోపలి అతి సన్నటి గొట్టాలు, వేల కొద్దీ ఒకే దిక్కుగా పేర్చి ఉంటాయి. అలా ఒకే దిక్కున పేర్చినవాటికి ఒక లక్షణం ఉంది: రెండు పోలరైజింగ్ పొరల మధ్య చీకట్లో అవి మెరుస్తాయి.

పాత కాలిక్యులేటర్ తెర మీది పొరను రెండు ముక్కలు చేశాను. ఒకటి దీపం మీద, ఒకటి కంటి కటకం మీద. పై ముక్కను తిప్పుతూ వెలుతురు పూర్తిగా ఆరేదాకా.

వైఫల్యాలు వచ్చిన వరసలో:

1. తెర అంతా రంగులు. ప్లాస్టిక్ గిన్నెలో చూశాను. ప్లాస్టిక్ తనే మెరుస్తుంది. గాజు స్లయిడ్‌కు మారాను, ఇంకా రంగులే. కవర్ స్లిప్ ప్లాస్టిక్‌ది.
2. మెరిసే దారం దొరికింది. ఒక రోజంతా సంతోషపడ్డాక, అది నాళిక బయట చుట్టుకుని ఉందని గమనించాను. కండర పొర. కండరం కూడా మెరుస్తుంది.
3. పొర తీసేశాక ఇంకో దారం. కొమ్మలు వేసి ఉంది. గాలి గొట్టం. తంతువుకు కొమ్మలుండవు.
4. నాళికను పొడవుగా సాగదీశాను, తంతువు బాగా కనబడుతుందని. అది తెగింది. 5 నల్లులు ఇలాగే పోయాయి.

కుదిరిన విధానం: నాళికను సాగదీయకుండా, దాని సహజమైన వంపుతోనే, ఎక్కువ సెలైన్‌లో ఉంచాలి. కొన గుంపు నుంచి ఫోకస్ మొదలుపెట్టి, దాని నడిమి నుంచి కిందికి నడవాలి. స్లయిడ్‌ను 45 డిగ్రీలు తిప్పితే మెరుపు ఎక్కువ, నాళిక నిలువుగానో అడ్డంగానో ఉంటే ఆరిపోతుంది. ఆరిపోయి మళ్లీ వెలిగితేనే నమ్మండి. దుమ్ము చాలావరకు ఎటు తిప్పినా ఒకేలా మెరుస్తుంది.

18 నల్లుల్లో 4 చోట్ల తంతువు కొన నుంచి అండకణం దాకా తెగకుండా దొరికింది. వెడల్పు 40 రెట్ల లెన్సులో 3 నుంచి 5 గీతలు, అంటే 7.5 నుంచి 12.5 మైక్రాన్లు. ఆ నాలుగింటిలోనూ అది చేరింది సొన లేని చిన్న అండకణాలకే. సొన నిండిన చివరి గుడ్డుకు ఒక్కసారి కూడా దొరకలేదు. సొన చేరుతున్నకొద్దీ ఈ తంతువు మూసుకుపోతుంది, అప్పటినుంచి గుడ్డు రక్తం మీదే ఆధారపడుతుంది. నాకు దొరికినవి ఆ మాటకు సరిపోతున్నాయి. కానీ నా చేతిలో తెగినవి ఐదు ఉన్నాయి కాబట్టి, లేకపోవడాన్ని సాక్ష్యంగా రాసుకోలేదు. తంతువు ఏ పొడవు దగ్గర మూసుకుంటుందో చెప్పాలంటే మధ్య దశ అండకణాలు కావాలి, సొన ఇప్పుడిప్పుడే మొదలైనవి.

ఇప్పటివరకు: ఈగలు 73, బొద్దింకలు 15, నల్లులు 18. పనికొచ్చిన స్లయిడ్లు 50.

రెక్కలొచ్చిన రోజు రాసిపెట్టిన ఆడ నల్లులు 12 వేరే సీసాలో ఉన్నాయి. మూడో రోజు నుంచి రోజుకు రెండు చొప్పున కోస్తాను. ప్రతి నాళికలో మొదటి నాలుగు అండకణాల పొడవు, ఒక్కోదానికి తంతువు ఉందా లేదా అన్నది గీతల్లోనే రాస్తాను, పక్కన లెన్సు.